చిక్కబడిన రక్తం

“ఆదివారానికి రాజధాని నుంచి అతిథులొస్తున్నారు. పెద్దదాన్ని కోయించండి,” అన్నాడు చేపల కేంద్రం డైరెక్టర్ సగిందిక్ ఆగా.

పెద్దదంటే బెలూగా. స్టర్జన్ చేపల్లోకెల్లా భారీ రకం. ఆ ఏడాది జాయిక్ నదిలో ఎదురీది వచ్చిన ఒకే ఒక్క ఆడచేప అది. గుడ్లు తీసుకున్నాక నదిలో వదిలేయాలి. ఆ చేపల కేంద్రంలో పశువైద్యురాలు అక్కెంజెకు అది ప్రాణం.

“వద్దు ఆగా. ఎండలకు కొలనులో నీళ్లు సలసల కాగుతున్నాయి. నీళ్లు వేడెక్కితే గాలి చాలదు. రక్తం చిక్కబడుతుంది, చక్కెర పెరుగుతుంది. అలాంటి చేపను అతిథులకు పెడతారా?”

డైరెక్టర్ నవ్వాడు. “నన్ను బెదిరిస్తున్నావా తల్లీ? రక్తం తీసి చూడు. తేడా ఉంటే వదిలేద్దాం. లేదంటే ఉడికించి, విందులో బెష్‌బర్మాక్ వడ్డించడమే!”

అక్కెంజె రక్తం తీసింది. మైక్రోస్కోప్ ముందు చాలాసేపు కూర్చుంది. లేచేసరికి ఆమె ముఖం పాలిపోయింది. కాసేపు కిటికీలోంచి కొలను వైపు చూసి, ఊళ్లో ఆసుపత్రి ల్యాబులో పనిచేసే చెల్లెలు తోర్గిన్‌కు ఫోన్ చేసింది.

మర్నాడు మధ్యాహ్నం డైరెక్టర్ భోంచేస్తుండగా తోర్గిన్ ఫోన్ వచ్చింది. అక్కెంజె స్పీకర్ నొక్కి, ఫోన్‌ను ఆయన పళ్లెం పక్కనే పెట్టింది.

“అక్కా, నువ్వడిగిన రక్తం సంగతి. ఏం బాగాలేదే! చక్కెర మూడింతలుంది. కొవ్వు పేరుకుపోయింది. రక్తం బాగా చిక్కబడింది. కాలేయం కూడా దెబ్బతింది. తిండి తగ్గించి, ఒళ్లు కదిలించకపోతే ఈ చలికాలం గడవడం కష్టం.”

సగిందిక్ ఆగా గుర్రపు మాంసం ముక్క నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. కళ్లు చెమర్చాయి.

“అయ్యో పాపం! రోజంతా ఒకేచోట పడుండి, పెట్టిందల్లా మింగుతుంటే ఏమవుతుంది మరి? మీరైనా నోరు కట్టేయొద్దూ?”

“మేం చెబితే వినాలిగా ఆగా.”

“నిజమే. మూగజీవం, దానికేం తెలుసు!” ముక్క నోట్లో వేసుకుని, కొవ్వంటిన వేళ్లు నాక్కున్నాడు. “సాయంత్రమే నదిలో వదిలేయండి. చల్లటి లోతు నీళ్లలో నాలుగు రోజులైనా బతుకుతుంది. అతిథులకు గొర్రెను కోయిద్దాం. నాక్కూడా గొర్రె తల మాంసమే ఇష్టం.”

పొద్దు వాలుతుండగా చేపను జాయిక్‌లోకి దించారు. తోక ఒక్కసారి ఝాడించి, పడవ మీదున్న వాళ్లందర్నీ తడిపేసి మునిగిపోయింది.

“జబ్బు చేపకు ఎంత బలమో!” అని ఆశ్చర్యపోయాడు డైరెక్టర్, ఒడ్డెక్కడానికి ఆయాసపడుతూ.

అక్కెంజె చెయ్యి అందించి ఆయన్ని పైకి లాగింది, కానీ చేప రక్తం నిక్షేపంగా ఉందనీ, తోర్గిన్ ఫోన్లో చెప్పింది కిందటి వారం ఉద్యోగుల ఆరోగ్య పరీక్షలో ఆయన చేతి నుంచే తీసిన రక్తం సంగతనీ మాత్రం చెప్పలేదు.