ఫోటోలో చొక్కా

“అక్కా, ఈ మగ్గం నీ పేరు మీద ఎక్కడం లేదు. ముందే ఎవరో నమోదు చేసినారు,” అంది వార్డు సచివాలయం నుంచి వచ్చిన కృతి, ఫోన్ చూస్తూ.

ఉరుకుందమ్మ నేత ఆపింది. “ఎవరమ్మా? ఎమ్మిగనూర్లో ఎవర్నన్నా అడుగు. మా ఇంటాయప్ప పోయినాక దీని మీద నేస్తాండేది నేనే.”

“మగ్గం కాడ కూర్చోని ఫోటో దిగి పెట్టినారు. చూడు.”

ఫోటోలో ఉన్నది మరిది వీరేశ. ఒంటి మీద చనిపోయిన అన్న చొక్కా.

వీరేశ గడప దగ్గరే నిలబడి ఉన్నాడు. “సర్కారు మగ్గం సాయం ఇంటికొకరికే ఇస్తారంట వదినా,” అన్నాడు మెల్లగా.

“నీకు నెయ్యడం రాదు కదప్పా.”

“అది ఫోనుకేం తెలుస్తాది?”

ఉరుకుందమ్మ ఫోటో వంకే చూసింది. సంవత్సరీకం నాడు, అన్న గుర్తుగా మగ్గం దగ్గర ఒక ఫోటో దిగుతానని వీరేశ అడిగాడు. పెట్టెలోంచి చొక్కా తీసి, ఊడిన గుండీ కుట్టి మరీ ఇచ్చింది.

“ఫోటో ఎవరు తీసినారో కూడా దాంట్లో పడతాదామ్మా?”

“పడదక్కా. ఎవరు తీసినారు?”

ఉరుకుందమ్మ తన బొటనవేలు చూసుకుంది. ఎక్కడ నొక్కాలో చూపించి, ఆ రోజు వీరేశ ఫోన్ తన చేతికే ఇచ్చాడు.