పచ్చ అంకె

"ఆఫీసరమ్మ వచ్చేసింది సార్! గాలి మెషీన్ చూసేవాణ్ణి కలవాలంటోంది!"

వాచ్‌మన్ కేకకి మేనేజరు కుర్చీలోంచి ఎగిరి లేచాడు. కాలుష్య శాఖ తనిఖీ మధ్యాహ్నం కదా!

"తడిగుడ్డ చుట్టావా?" మెషీన్ చూసుకునే మీటరతన్ని గొంతు తగ్గించి అడిగాడు.

"పొద్దున్నే చుట్టాను సార్."

సిమెంటు మిల్లు గోడ పక్కనే గాలి కొలిచే మెషీన్ ఉంది. దాని గొట్టం మూతికి తడిగుడ్డ చుట్టి పైన రేకు మూత పెడితే దుమ్మంతా గుడ్డకే పట్టేస్తుంది. గేటు బయట బోర్డు మీద దుమ్ము అంకె తగ్గి పచ్చగా వెలుగుతుంది. ఏడాదిగా ఇదే భాగోతం.

ఆమె గర్భిణి. ఆయాసపడుతూ వచ్చి, "ఈ అంకె చూసుకునేది ఎవరండీ?" అంది.

మేనేజరు మీటరతన్ని ముందుకు తోశాడు. "ఇతనే మేడమ్! మావాడు నిప్పు!"

"నేనెందుకు వచ్చానంటే..."

"తెలుసు మేడమ్, అన్నీ తెలుసు! ముందు మీరు కూర్చోండి." ఎదుటివాళ్లని మాట పూర్తి చేయనిస్తే ఆయన మేనేజరెలా అవుతాడు? మెషీన్ పక్కనే కుర్చీ వేయించి, కూల్‌డ్రింకు కోసం తనే పరిగెత్తాడు.

ఆమె కూర్చుని, కళ్లు మూసుకుని, గుండెల నిండా గాలి పీల్చింది. మీటరతను గడియారం చూశాడు. పదకొండుకి ఐదు నిమిషాలుంది. సరిగ్గా పదకొండుకి మిల్లులో దుమ్ము పట్టే సంచులు దులుపుతారు. ఆ దుమ్ము నేరుగా వచ్చి పడేది ఇక్కడే.

"లోపల ఆఫీసులో కూర్చోండమ్మా. ఏసీ ఉంది."

"వద్దన్నా, ఇక్కడే బాగుంది. ఏడో నెల. బిడ్డ ఊపిరితిత్తులు ఇంకా తయారవుతూనే ఉంటాయట. నేను పీల్చే దుమ్ము బిడ్డనీ వదలదని డాక్టరు మరీమరీ చెప్పారు. మీ బోర్డు మీద ముప్పై ఎనిమిదేగా!"

అతను రేకు మూత వైపు చూశాడు. చెబితే ఉద్యోగం ఊడుతుంది. ఇంట్లో నలుగురు ఆ జీతం మీదే బతుకుతున్నారు. ఆమె పొట్ట మీద చెయ్యేసుకుని, "తంతున్నాడు," అని నవ్వింది.

సైరన్ మోగింది.

"లేవండమ్మా! ఆ అంకె అబద్ధం!" రేకు మూత పీకి, బూడిదరంగు ముద్దలా తయారైన గుడ్డని ఆమె ముందు పడేశాడు. "నా పేరే రాసుకోండి. ముందు ఇక్కణ్ణించి పదండి!"

చెయ్యి పట్టుకుని ఆఫీసులోకి తీసుకెళ్లి తలుపు బిగించాడు. అద్దం అవతల దుమ్ము లేచి కుర్చీని కప్పేసింది.

"ఇక నా ఉద్యోగం మీ చేతుల్లో ఉంది మేడమ్," అన్నాడు. భయంగా ఉన్నా, ఏడాది తర్వాత మొదటిసారి మనసు తేలికపడింది.

ఆమె రెండు చేతులూ పొట్టకి అడ్డం పెట్టుకుంది.

"నేను ఆఫీసర్ని కాదన్నా. మీ గోడ వెనకింట్లో ఉంటాను. మీ బోర్డు పచ్చగా ఉంటేనే బయట నడవమన్నారు డాక్టరు. ఆర్నెల్లుగా రోజూ గంటసేపు నడుస్తున్నాను. మీకు థాంక్స్ చెబుదామని వచ్చాను."