బ్లీచు వాసన

పస్కా పండుగకు ముందు యూదులు ఇల్లంతా పులిసిన పిండిని వెతికి పారేసినట్టు, బ్రియెల్ ఈ వసంతంలో ఇంట్లోని బ్లీచులాంటి విషాలన్నీ వెతికి పారేసింది. ఏ సబ్బు మంచిదో వందలమంది తల్లులకు ఫోన్లో బోధించేదీ ఆమే.

అయినా బేస్‌మెంటులో బ్లీచు వాసన! అత్తగారు మార్లిస్‌ను అక్కడే నిలదీసింది.

"పిల్లలు తిరిగే ఇల్లు అత్తయ్యా! దొంగచాటుగా విషం తెస్తారా?"

"నువ్వు ఇల్లంతా తుడిచే ఆ వెనిగరు కంపుకంటే నయమేలే తల్లీ," అంటూ ముసలావిడ వాషింగ్ మెషీన్‌కు అడ్డం నిలబడింది.

దాంతో అనుమానం ముదిరింది. బ్రియెల్ ఆమెను పక్కకు నెట్టి మూత ఎత్తింది. లోపల అత్తగారి దుప్పట్లు, లోదుస్తులు.

"రాత్రిళ్లు తెలీకుండానే పక్క తడిసిపోతోందమ్మా," మార్లిస్ మూత మళ్లీ దించబోయింది. "వాసనొస్తే వృద్ధాశ్రమంలో పడేస్తారని..."

బ్రియెల్ మెషీన్ వెనకున్న బ్లీచు సీసా అందుకుంది.

"ఎంత పొయ్యాలి అత్తయ్యా?"