బాబూ మియా కన్నా ఒక్క అడుగు ముందు

"పరుగుకు పోతున్నవా, చాయ్ అమ్మనీకి పోతున్నవా?" అంది వజ్రమ్మ.

నర్సింహులు వంగి కాన్వాసు బూట్ల లేసు రెండోసారి బిగించాడు. ఎనిమిది నెలలుగా ప్రతి ఆదివారం తెల్లవారుజామున పెళ్ళాం అడుగుతున్న ప్రశ్నే అది. అందులో తప్పు పట్టడానికి కూడా ఏమీ లేదు.

పంజాగుట్ట గుట్టల పరుగు క్లబ్బులో ఒక నియమం ఉంది. ఒక ఆదివారం చివరొచ్చినవాడు, పై ఆదివారం అందరికీ చాయ్ మోయాలి. అమీర్‌పేట హోటల్లో పెద్ద కెటిల్ నింపించుకుని, జూబ్లీహిల్స్ బండల మీదికి ఒలక్కుండా చేర్చాలి. అతను చేరేసరికి మిగతా పద్దెనిమిది మందీ కాళ్ళు జాపుకుని కూర్చుని, రైలు స్టేషన్లోలా "చాయ్, చాయ్" అని అరుస్తుంటారు.

క్లబ్బులో చేరిన మొదటి వారం నర్సింహులు చివరొచ్చాడు, కెటిల్ పట్టాడు. కెటిల్ పట్టాడు కాబట్టి రెండో వారమూ చివరొచ్చాడు. ఆ తరవాత లెక్కపెట్టడం మానేశాడు.

ఇవాళ మాత్రం కెటిల్ లేదు. ఇవాళ ఏడాదికోసారి జరిగే అసలు పందెం. అయితే ఇందులో చివరొచ్చినవాడు మళ్ళీ పందెం దాకా, ఏడాది పొడుగునా, కెటిల్ మోయాలి.

"ఇయ్యాల సుత చివరొస్తే ఇంట్ల చాయ్ కూడ నువ్వే పెట్టాలె. ఎట్లన్న అలవాటైంది గద," అంది వజ్రమ్మ.

సాయంత్రం టీవీలో సినిమా చూడటానికి వాడకట్టంతా వాళ్ళింటికే వస్తుంది. సినిమా మొదలయ్యేలోపు ఈ కబురు అందరికీ చెప్పందే ఆమె ఊరుకోదు. అది తలుచుకుంటే నర్సింహులుకి పరిగెత్తకముందే చెమట పట్టింది.

మొదట రావాలన్న ఆశ అతనికి ఏనాడూ లేదు. మాసబ్ ట్యాంకు ఆఫీసులో పదిహేనేళ్ళు కుర్చీలో కూర్చుని పెంచిన పొట్ట అది. ఒక్కణ్ణి దాటితే చాలు. ఆ ఒక్కడు బాబూ మియా.

బాబూ మియా అమీర్‌పేటలో దర్జీ. గోరింటాకు పెట్టిన గడ్డం, కొలత టేపులాంటి ఒళ్ళు. యాభై అయిదు దాటాయి. ప్రతి ఆదివారం ఆయన నర్సింహులుకి సరిగ్గా పదడుగుల ముందు ఉంటాడు. నర్సింహులు కూలబడితే ఆయనా ఓ రాయి చూసుకుని కూర్చుని దగ్గుతాడు. నర్సింహులు లేస్తే ఆయనా లేస్తాడు. ఆ ఆయాసం చూస్తే ఇంకో నాలుగడుగుల్లో పడిపోతాడనిపిస్తుంది. ఆ నాలుగడుగుల కోసమే నర్సింహులు ఎనిమిది నెలలుగా గుట్టలన్నీ ఎక్కి దిగుతున్నాడు.

సెక్రటరీ కమాల్ ఈల ఊదాడు. స్కూటర్ మెకానిక్ మక్సూద్, ఇరవై రెండేళ్ళవాడు, ఈల ఆగేలోపే మలుపు తిరిగిపోయాడు. మొదటి గుట్ట ఎక్కేసరికి అందరూ కనుమరుగయ్యారు. ఇద్దరే మిగిలారు.

"జర ఆగు బేటా, కాలు పట్టింది," అన్నాడు బాబూ మియా, వెనకబడుతూ.

"ఇయ్యాల ఆగేది లేదు చాచా."

"నీళ్ళన్న తాగు."

"నేను తాగుతుంటె నువ్వు ముందు పోతవు. నాకెరికే."

రెండో గుట్ట దిగుతుంటే వెనక నుంచి బాబూ మియా కేక వినపడింది. "ఎడమదిక్కు రాయి ఊగుతది, పైలం!"

మోసమనుకున్నాడు నర్సింహులు. ఎందుకైనా మంచిదని కుడివైపే అడుగేశాడు.

ఇంకొంత దూరం పోయాక దారి రెండుగా చీలింది. నర్సింహులు ఊపు మీద ఓ దారి పట్టాడు.

"అరే, అటు పోతే యూసుఫ్‌గూడ వస్తది బేటా! పందెం ఇటు!"

వెనక్కి తిరిగి వచ్చాడు. ఇంత అమాయకుడేమిటీయన, అనుకున్నాడు. నేనైతే పోనిచ్చేవాణ్ణి.

చివరి దిగుడులో ఇద్దరూ భుజం భుజం రాసుకుంటూ వచ్చారు. కింద రోడ్డు మీద సున్నం గీత కనపడింది. బాబూ మియా రొమ్ములో పిల్లికూతలు వినపడుతున్నాయి. నర్సింహులు కళ్ళు మూసుకుని, పొట్టనంతా ముందుకు తోసి, ఒక్క దూకు దూకాడు.

ఒక్క అడుగు. ఒక్కటంటే ఒక్క అడుగు ముందు!

క్లబ్బంతా ఎగిరి గంతేసింది. మొదటొచ్చిన మక్సూద్‌కి కూడా అన్ని ఈలలు పడలేదు. కమాల్ పుస్తకంలో పద్దెనిమిదో పేరు నర్సింహులు, పంతొమ్మిదో పేరు బాబూ మియా అని రాసుకున్నాడు.

"మస్తు ఉరికినవ్ బేటా," అంటూ ముసలాయన గడ్డం తుడుచుకున్నాడు.

నర్సింహులుకి జాలేసింది. గెలిచినవాడికి ఆ మాత్రం ఉండాలి కదా. ఆయన భుజం మీద చెయ్యేశాడు.

"ఫికర్ చేయకు చాచా. వచ్చే ఆయితారం సంది నేను నీ పక్కనే ఉంట. రాత్రి అన్నం జర తక్కువ తిను. ఎత్తు ఎక్కేటప్పుడు చిన్న చిన్న అడుగులెయ్యి. మాట్లాడకు, దమ్ము పోతది. నిన్ను మనిషిని చేసే జిమ్మా నాది."

"అట్లనే బేటా," అన్నాడు బాబూ మియా, తల వంచుకుని, బుద్ధిగా.

అంతలో మక్సూద్ మెడలో దండతో జనాన్ని తోసుకుంటూ వచ్చి బాబూ మియా చెయ్యి పట్టుకుని, "చాచా, పోయినేడు నువ్వు ఫస్టొచ్చినవని గీ నర్సింహులన్నను ఉరికిచ్చే పని నీకిచ్చిండ్రు గద, ఈయేడు ఫస్టొచ్చింది నేను, ఇగ అన్నను నాకప్పజెప్పు," అన్నాడు.