రథం వెనక పేరు

"అయితే చీటీలు వేద్దామండి," అన్నాడు కార్యదర్శి తాతాజీ.

సత్యనారాయణగారికి గుండెలో రాయి పడింది.

పాలకొల్లులో వైకుంఠ రథం నడిపే సేవా సంఘానికి ఆయన తొమ్మిదేళ్ళుగా అధ్యక్షులు. ఏటా సమావేశంలో లేచి, "ఇంక నా వల్ల కాదు, ఎవరైనా తీసుకోండి" అంటారు. మిగతా ఆరుగురు సభ్యులూ, "మీరు లేకపోతే ఎలాగండీ" అంటారు. ఆయన నిట్టూర్చి కూర్చుంటారు. టిఫిన్లు వస్తాయి. ఈసారి ఆ మాట ఇంకాస్త బాగా రావాలని ఇంట్లో అద్దం ముందు రెండుసార్లు అనుకుని మరీ వచ్చారు. చేతులు జోడించారు, గొంతు వణికించారు. మోతాదు ఎక్కడో ఎక్కువైపోయింది.

"చీటీలెందుకు తాతాజీ? అందరం మాట్లాడుకుంటే తేలిపోయేదానికి."

"మనుషులు చెబితే మీరు వినరు కదండీ. స్వామికే వదిలేద్దాం. ఎవరి పేరు వస్తే వాళ్ళు మరి నోరెత్తకూడదు."

"అంతేనండి," అన్నాడు కోశాధికారి శ్యాంబాబు, ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు.

ముందే అనుకుని వచ్చారన్నమాట, అనుకున్నారు సత్యనారాయణగారు.

నిజానికి ఆ పదవిలో పెద్ద సుఖం లేదు. డీజిలుకి తక్కువైనా, డ్రైవరు జీతానికి తక్కువైనా "అధ్యక్షుల వారు సర్దుతారు" అని పుస్తకంలో రాసుకోవడమే. కానీ రథం వెనక ఎర్రరంగుతో ఆయన పేరుంది, కింద సెల్ నంబరుంది. ఊళ్ళో అంత నెమ్మదిగా కదిలే బండి ఇంకోటి లేదు. వెనక నడిచేవాళ్ళు తీరిగ్గా చదువుకోవాల్సిందే. దారిన పోయేవాళ్ళు ఆగి దండం పెడతారు. ఆ దండం లోపలున్నవాళ్ళకని ఆయనకీ తెలుసు. అయినా పోతూ పోతూ కాస్త తన పేరుకి కూడా తగులుతుందని నమ్మకం.

రేపట్నించి అక్కడ తాతాజీ పేరు ఉంటుందా?

"సరే, స్వామి చిత్తం," అన్నారు. "చీటీలు మాత్రం నేను రాస్తాను. పదవి వద్దంటున్నది నేనొక్కణ్ణే. నేను రాస్తేనే పక్షపాతం ఉండదు."

ఓ మూలకి తిరిగి కూర్చుని, ఏడు చీటీల మీదా తన పూర్తి పేరే, "వీరవెంకటసత్యనారాయణ" అని రాశారు. మూడోదాని దగ్గర కలం ఆపారు. సాక్షాత్తూ అన్నవరం స్వామి పేరు కదా, ఎన్నిసార్లు రాస్తే అంత పుణ్యమని మనసుకి చెప్పుకున్నారు. మనసు పూర్తిగా ఒప్పుకోలేదు.

"నా పేరు మూడక్షరాలండి, ఇంతసేపా?" అన్నాడు శ్యాంబాబు.

"ఇంటిపేర్లతో సహా రాస్తున్నానయ్యా. దేవుడి దగ్గర పొరపాటు రాకూడదు."

చీటీలు చుట్టి, రాగిచెంబులో వేసి, స్వామి పటం ముందు పెట్టారు.

"ఓసారి మనసారా దండం పెట్టుకోండి," అన్నాడు తాతాజీ. "కళ్ళు మూసుకుని. తొందరేం లేదు."

ఆయనకి తొందర లేకపోవడమే కాదు, స్వామితో చాలా పని ఉంది. తప్పు ఒప్పుకున్నారు. ఈ ఒక్కసారికి కాయమన్నారు. వచ్చే ఏకాదశికి కొండెక్కి వ్రతం చేయించుకుంటానన్నారు. ఎంతకీ కళ్ళు తెరవకపోతే, సభ్యుల్లో పెద్దావిడ, డెబ్బై రెండేళ్ళ చిన్నమ్మాయిగారు, "కానివ్వు బాబూ, ఉప్మా చల్లారిపోతోంది," అంది.

చీటీ తీసింది కూడా ఆవిడే. దాన్ని బారెడు దూరంలో పట్టుకుని, "వీరవెంకట..." అంది. పేరు పూర్తికాకుండానే చప్పట్లు మోగాయి.

"స్వామి మిమ్మల్ని వదల్లేదండీ," అన్నాడు తాతాజీ.

సత్యనారాయణగారు నిట్టూర్చారు. అద్దం ముందు ఎంత ప్రయత్నించినా రాని నిట్టూర్పు, ఇప్పుడు దానంతటదే వచ్చింది.

మిగిలిన చీటీలు ఎవరైనా విప్పితే పరువు గంగలో కలుస్తుంది. ఆయన చెంబు మీద చెయ్యి వేశారు. అప్పటికే దాని మీద శ్యాంబాబు చెయ్యి ఉంది.

"కాలవలో కలిపేసి వస్తానండి," అన్నాడు శ్యాంబాబు.

"నాకు దారేలే."

"మీకెందుకండీ శ్రమ."

"అధ్యక్షుణ్ణి నేనయ్యా," అని ఒక్క లాగు లాగి, ఆరు చీటీలూ లాల్చీ జేబులో కుక్కుకున్నారు. శ్యాంబాబు మొహం వాడిపోయింది. వీడికి అనుమానం వచ్చిందనుకున్నారు ఆయన.

ఉప్మా ప్లేటు పక్కన పెట్టేశారు. ముప్ఫై ఏళ్ళుగా వ్రతం పీట మీద కూర్చుంటున్న మనిషి, ఆ స్వామి ఎదుటే దొంగ చీటీలు వేశాడు. తట్టుకోలేక తాతాజీని మెట్ల దగ్గరికి పిలిచారు.

"తాతాజీ, నా మాట విను. ఈ పదవి నువ్వు తీసుకో. నేను మనస్ఫూర్తిగా అంటున్నాను."

తాతాజీ రెండు మెట్లు కిందికి దిగాడు. "నాకొద్దండి బాబూ. వచ్చే నెల నాలుగు టైర్లూ మార్చాలి, ఇన్సూరెన్సు కట్టాలి. మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానిస్తుందా?"

"పోనీ శ్యాంబాబు?"

"వాడైతే ఊరు వదిలి పారిపోతాడండి. స్వామి మాట కాదనకండి, మీకు దండం పెడతాను," అని నిజంగానే దండం పెట్టి వెళ్ళిపోయాడు.

సత్యనారాయణగారు ఆలోచించుకుంటూ కాలవ వంతెన దాకా నడిచారు. ఎవరికీ అక్కర్లేని దాని కోసమా ఇంత పాపం మూటగట్టుకున్నది? నీళ్ళలో వేసేముందు చెంపలేసుకుందామని ఒక చీటీ విప్పారు. కళ్ళజోడు సవరించుకుని ఇంకోటి విప్పారు. తర్వాత ఆరూ విప్పారు.

ఆరింటిలోనూ పేరు ఆయనదే, రాత మాత్రం తొమ్మిదేళ్ళుగా రశీదుల మీద చూస్తున్న శ్యాంబాబు కోడిగెలుకుడు.