ఇరజ్ ఏడ్చిన పేజీ

రొట్టె కొనుక్కుని ఇంటికి వస్తున్న ఫరామర్జ్‌ని పట్టపగలే కార్లోకి లాగేశారు. కళ్ళగంతలు విప్పేసరికి ఏదో నేలమాళిగలో ఉన్నాడు. కాళ్ళు బెంచీకి కట్టేసి ఉన్నాయి. ఎదురుగా ఇద్దరు. పెద్దవాడు మొర్తజా. కేబుల్ వైరు పట్టుకున్నవాడు జలీల్.

"దయచెయ్యండి, నవలాకారుడు గారూ!" అన్నాడు మొర్తజా. అతని ఒళ్ళో కాగితాల కట్ట ఉంది. ఫరామర్జ్ ఇంకా అచ్చుకివ్వని నవల.

మొదటి దెబ్బ అరికాళ్ళ మీద పడింది. ఫరామర్జ్ కెవ్వుమన్నాడు. ఒళ్ళు ఏదీ మరిచిపోదు. ముల్లాల ప్రభుత్వం వచ్చాక టెహ్రాన్ జైల్లో నాలుగేళ్ళు తిన్న దెబ్బలే ఇవి. వాటి మీదే రెండు నవలలు రాశాడు.

"జైల్లో ఇరజ్ చచ్చేముందు ఏడ్చాడని రాశావు. విప్లవం కోసం ప్రాణమిచ్చినవాడు ఏడుస్తాడా?"

"ఏడ్చాడు. నా చెయ్యి పట్టుకుని 'అమ్మా' అని ఏడ్చాడు. పంతొమ్మిదేళ్ళవాడు, ఏడవడా?"

"నోర్ముయ్! ఆ మాట పైకి అనకు!" జలీల్ అరిచాడు. వైరు వరసగా నాలుగుసార్లు లేచింది. అరికాళ్ళు చిట్లి నెత్తురు కారింది.

"ఎవడు రాయించాడు నీ చేత? శత్రువులతో ఎప్పుడు కలిశావు?" అన్నాడు మొర్తజా.

"ఎవరూ రాయించలేదు. చూసిందే రాశాను."

"వాళ్ళమ్మ గోడకి వాడి ఫొటో పెట్టుకుని, వీరుడి తల్లినని బతుకుతోంది. ఇది చదివితే గుండె పగిలి చస్తుంది."

"కొడుకు ఆఖరి మాట తనేనని ఆవిడకి తెలియొద్దా?"

మొర్తజా లేచి, కట్టంతా మూలనున్న పొయ్యిలో పడేశాడు. మూడేళ్ళ రాత ఫరామర్జ్ కళ్ళముందే భగ్గుమంది.

"మళ్ళీ రాయి. ఇరజ్ నవ్వుతూ పోయాడని రాయి."

"నవ్వలేదు."

"జలీల్, సుత్తి ఇలా తే." మొర్తజా ముందుకి వంగాడు. "రాసేది ఏ చేత్తో?"

"ఎడమ చేత్తో."

మొర్తజా నవ్వాడు. "ఎడమ చేత్తో చెంచా కూడా పట్టుకోలేవు నువ్వు. ఎవరికి చెబుతావురా?"

కుడి చెయ్యి బల్ల మీద పరిచారు. ముందు చూపుడు వేలు. తర్వాత మధ్య వేలు. ఎముక విరిగిన చప్పుడు ముగ్గురికీ వినబడింది. సుత్తి మూడోసారి లేచేసరికి ఫరామర్జ్ పసిపిల్లాడిలా వెక్కిళ్ళు పెట్టాడు.

"రాస్తాను... రాస్తాను, ఆపండి!"

ఎడమ చేత్తో, వంకర అక్షరాలతో, ఇరజ్ నవ్వుతూ ప్రాణం విడిచాడని రాసిచ్చాడు.

జలీల్ మోకాళ్ళ మీద కూర్చుని అతని పాదాలకి గుడ్డలు చుట్టాడు. ఎంత పిలిచినా తలెత్తి అతని కళ్ళలోకి చూడలేదు.

నాలుగేళ్ళు జైల్లో ఫరామర్జ్‌తో ఒకే కంబళి కప్పుకుని, తర్వాత అతనితోపాటే కొండలు దాటి దేశం విడిచి వచ్చిన ఆ స్నేహితులిద్దరూ, చెరో రెక్కా పట్టుకుని మెట్లెక్కించి, అతన్ని పారిస్ వీధిలో వదిలేశారు.