ముడులు వేసిన దారం

"ఈ కడ్డీ మీ అమ్మగారికి కాదు సార్. ఎవరో మగమనిషికి," అన్నాడు ఫిట్టర్, డ్రిల్లు ఆపి.

బాత్రూము గుమ్మంలో నిలబడ్డ కొడుకు ముఖం చిట్లించాడు. "ఏం వాగుతున్నావయ్యా? మా ఇంట్లో ముసలి మగాడెవడూ లేడు."

"అదే నేనూ అంటున్నా. పట్టుకునే కడ్డీ మనిషి మణికట్టు ఎత్తులో ఉండాలి. ఇక్కడ బిగిస్తే ఆవిడ పట్టుకోవడం కాదు, వేలాడాలి. కమోడ్ మీద వేసిన ఎత్తు సీటూ అంతే. కూర్చుంటే పాదాలు నేలకందవు. చెబితే 'నీ పని నువ్వు చూసుకో బాబూ' అన్నారు. ఇదిగో, కొలతలన్నీ ఇందులోనే ఇచ్చారు."

ఫిట్టర్ జేబులోంచి తెల్లదారం ఒకటి తీశాడు. దానికి మూడు ముడులు. కింది నుంచి మొదటిది మోకాలు, రెండోది మణికట్టు, మూడోది మోచెయ్యి. కుట్టుపనిలో బతుకంతా గడిపిన తల్లి, టేపు మీది అంకెలు కళ్లకానక ఇప్పుడు కొలతలన్నీ దారంతోనే తీస్తోంది. కొడుకు లేతు మిషను మీద ముప్ఫై ఏళ్లుగా ఇనుము చెక్కుతున్నవాడు. వెంట్రుకవాసి తేడా వస్తే ముక్క అవతల పారేస్తాడు. ఇక్కడ తేడా జానెడుంది.

దారం లాక్కుని జేబులో కుక్కుకున్నాడు.

డెబ్బై ఆరేళ్ల మనిషి! రెండు గదుల ఇల్లు ఆవిడ పేరు మీదే ఉంది. పెళ్లీ పెటాకులూ లేని యాభై మూడేళ్ల కొడుక్కి అందులో ఉన్నదల్లా ముందుగదిలో ఒక మడతమంచం. రేపు ఎవడో వచ్చి లోపలిగదిలో కాలు మీద కాలేసుకుని కూర్చుంటే, ఆ మంచం కాస్తా వీధిలో పడదూ?

వంటింట్లో తల్లి ఉల్లిపాయలు తరుగుతోంది.

"అమ్మా, ఆ కడ్డీలు ఎవరికి?"

"ముసలైపోయేవాళ్లకి."

"అంటే ఎవరికి?"

"నా ఇల్లు, నా గోడ. నీకెందుకురా ఇన్ని ఆరాలు?"

కత్తి ఆగలేదు. కళ్లెత్తి చూడనూ లేదు. తప్పు చేసినవాళ్లే అలా కళ్లు దించుకుంటారని అతని గట్టి నమ్మకం.

కింది వాటాలో రిటైరైన బస్సు డ్రైవరొకడు ఉన్నాడు. ఒంటిగాడు. మోకాళ్లనొప్పులవాడు. తల్లి మెట్ల మీద కూర్చుంటే పేపరు చదివి వినిపిస్తాడు. ఇంకెవడుంటాడు? కొడుకు రెండేసి మెట్లు దిగాడు.

"బాబాయ్, ఒకసారి లేచి నిలబడు."

"ఎందుకురా?"

"పనుంది, లే!"

డ్రైవరు కుర్చీ చేతులు పట్టుకుని మూలుగుతూ లేచాడు. కొడుకు కింద గొంతుక్కూర్చుని దారం కొస ఆయన మడమ దగ్గర నొక్కిపట్టి పైకి లాగాడు.

"ఒరేయ్, బతికుండగానే కొలతలు తీస్తున్నావేంట్రా?"

మోకాలి ముడి తొడ మీదికెక్కింది. మోచేతి ముడి చంకకు తగలబోయింది.

"నీ ఎత్తెంత?"

"ఉద్యోగంలో చేరినప్పుడు అయిదడుగుల రెండంగుళాలు. ఇప్పుడు అరిగిపోయి ఎంతున్నానో! ఏరా, నాకేమైనా సంబంధం చూస్తున్నావా?"

కొడుకు కళ్లెర్రజేసి లేచాడు. వీడు కాదు. మరి మందుల షాపు ముసలాయనా? స్టూలెక్కితే తప్ప బల్ల వెనక ఆయన తల కనపడదు. ఎదురింటి మాస్టారా? ఆయన్ని పెళ్లాం వీధి మలుపు దాటనివ్వదు.

పైకొచ్చేసరికి ఫిట్టర్ పని ముగించుకుని వెళ్లిపోయాడు. తల్లి చేతులు పైకెత్తి కడ్డీ పట్టుకుని, ఒంటి బరువంతా వేసి లాగి చూస్తోంది.

"వాడెవడో చెబుతావా, చెప్పవా?" కొడుకు దారాన్ని ఆమె ముఖం ముందు ఆడించాడు. "ఈ చుట్టుపక్కల అంత పొడుగు ముసలాడు ఒక్కడూ లేడే!"

తల్లి దారం అందుకుంది. "నిటారుగా నిలబడు."

కొలతల దారం చేతపట్టి ఆవిడ ఆ మాట అంటే నిలబడిపోవడం అతనికి నిక్కర్ల నాటి అలవాటు. నిలబడ్డాడు. ఆమె ఆయాసపడుతూ వంగి, దారం మడమకానించి పైకి తెచ్చింది. మోకాలి ముడి మోకాలి దగ్గరే ఆగింది. మణికట్టు ముడి మణికట్టుకే తగిలింది. మోచేతిది మోచేతికి సరిపోయింది.

కొడుకు దారం వంకా, కడ్డీ వంకా మార్చి మార్చి చూశాడు. అనుమానం అతన్ని వదల్లేదు, దారి మార్చుకుంది. పోయిన నెల తనను ఆసుపత్రికి లాక్కెళ్లి రక్తపరీక్షలూ ఎక్స్‌రేలూ అన్నీ చేయించింది. తనను బయట బెంచీ మీద కూర్చోబెట్టి లోపల డాక్టరుతో అరగంట మాట్లాడింది. ఏమన్నాడంటే "ఏం లేదు, పద" అంది. ఏమీ లేనిదానికి అరగంటెందుకు?

"అమ్మా, నా దగ్గరేదో దాస్తున్నావు. కాళ్లు పడిపోతాయన్నాడా?" అంటూ ఆ ఎత్తు సీటు మీదే కూలబడ్డాడు. పాదాలు నేలకు చక్కగా ఆనాయి. కడ్డీ దానంతటదే చేతికందింది. గట్టిగా పట్టుకున్నాడు. "నిజం చెప్పమ్మా, నీ కాళ్లు పట్టుకుంటా. నాకేమైంది? ఇంకెన్నాళ్లన్నాడు?"

తల్లి దారాన్ని వేలికి చుట్టుకుంటూ అతని నెత్తి మీది తెల్లవెంట్రుకలు కాసేపు చూసింది.

"నీకే జబ్బూ లేదట. గుండ్రాయిలా తొంభై ఏళ్లు బతుకుతావన్నాడు," అంది. "అప్పుడు నువ్వు పడితే లేపడానికి నేనుండనుగా, నాయనా."